పద్నాలుగో అక్షరం

ఆ కుటుంబంలో నలభై అయిదేళ్ల దరిదాపుల్లో కొందరు మారిపోయేవారు. అంతవరకు ఒద్దికగా బతికిన మనిషి తాగుడు మరిగేవాడు. ఇంకొకరు ఆకలితో పని లేకుండా ఎదురుగా ఏది కనిపిస్తే అది తినేసేవారు. నలుగురిలో అనకూడని మాట అనేసి, అన్నామన్న స్పృహైనా లేకుండా కూర్చునేవారు ఉండేవారు. ఎవరితోనూ పొత్తు లేకుండా ఒక మూలకు చేరేవారూ ఉండేవారు. తర్వాత ఒళ్లు బిగుసుకుపోయేది, నడక తూలేది, మతి పోయేది. మొదలైన పదమూడేళ్లకు అటూ ఇటూగా చావు. అమెరికాకు చెందిన ఈ కుటుంబం గురించి 1994లో వైద్య పత్రికల్లో వివరంగా వచ్చింది. డాక్టర్లు ఈ జబ్బుకు 'డిసిన్హిబిషన్-డిమెన్షియా-పార్కిన్సనిజం-ఎమియోట్రఫీ కాంప్లెక్స్' అని పేరు పెట్టారు. ఒక్క ఊపిరిలో పలకడం కష్టమని వాళ్లకే తోచిందేమో, డిడిపిఎసి అని కుదించుకున్నారు.

ఇలాంటి మనిషి గురించి చెప్పడానికి తెలుగులో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: బుద్ధి గడ్డి తిన్నది. తిట్టుగా వాడే మాటే గానీ, ఈ కుటుంబం విషయంలో అక్షరాలా నిజం. నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్‌లోనూ, చెవుల పైన ఉండే టెంపోరల్ లోబ్‌లోనూ నాడీకణాలు చచ్చిపోతూ ఉంటే, మెదడు కుంచించుకుపోతూ ఉంటే, పైకి కనిపించేది ప్రవర్తన మాత్రమే. ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఎదుటివాడి బాధ చూసి మొహం ఎలా పెట్టాలి, రెండో లడ్డూ దగ్గర చెయ్యి ఎందుకు ఆపాలి, ఇవన్నీ చూసుకునే చోటు అదే. ఆ చోటు పాడవుతున్నా జ్ఞాపకం చాలాకాలం నిలబడుతుంది. నిన్న ఏం కూర తిన్నారంటే ఠక్కున చెబుతారు, ఇంటికి దారి తప్పరు. అందుకే మతిమరుపు పరీక్షల్లో గట్టెక్కేస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం గట్టెక్కరు. విడాకులకూ, ఉద్యోగం ఊడటానికీ, అప్పుల పాలవటానికీ దారితీసిన తర్వాత గానీ చాలామంది న్యూరాలజిస్టు గడప తొక్కరు. అంతవరకు తిరిగేది మానసిక వైద్యుల దగ్గరికి, లేకపోతే గుళ్లకూ దర్గాలకూ.

దీన్ని ఇప్పుడు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటున్నారు. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య పట్టుకుంటుంది. 1892లో ప్రేగ్‌లో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు, మాట కోల్పోయి చనిపోయిన 71 ఏళ్ల ఒకాయన మెదడును పరిశీలించి, ఎడమ టెంపోరల్ భాగం కుంచించుకుపోయి ఉందని రాశాడు. 1911లో అలాంటి మెదడునే సూక్ష్మదర్శిని కింద పెట్టి, నాడీకణాల లోపల గుండ్రటి ముద్దల్ని చూసినవాడు ఆలాయిస్ ఆల్జైమర్. అవును, ఆ ఆల్జైమరే. చాలాకాలం దీన్ని 'పిక్ జబ్బు' అనే పిలిచారు. ఇది ఇళ్ల వెంట నడుస్తుందన్న అనుమానమూ కొత్తది కాదు. నెదర్లాండ్స్‌లో ఒకే వంశంలో ఎంతోమందికి ఈ జబ్బు వచ్చిందని 1939లోనే రాశారు. ఆ వంశాన్ని 1982లో మరోసారి వెతికి పట్టుకుని పరిశీలించారు. తరం తర్వాత తరం, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తోంది. జన్యువే కారణమని లెక్కే చెబుతోంది. ఏ జన్యువు అన్నదే తెలియలేదు.

వంశవృక్షం చేతికొస్తే జన్యుశాస్త్రజ్ఞుల పద్ధతి సూటిగా ఉంటుంది. క్రోమోజోముల మీద అక్కడక్కడ గుర్తుపట్టదగ్గ ఆనవాళ్లు ఉంటాయి. జబ్బు పడిన ప్రతివాళ్లలోనూ ఉండి, పడనివాళ్లలో లేని ఆనవాలు ఏదో చూసుకుంటూ పోవాలి. అలాంటిది దొరికితే, తప్పు చేసిన జన్యువు దాని పక్కనే ఎక్కడో ఉన్నట్టు. డిడిపిఎసి కుటుంబంలో ఆ ఆనవాలు పదిహేడో క్రోమోజోమ్ మీద దొరికింది. ఒకసారి దారి తెలిశాక మిగతా కుటుంబాలూ బయటికొచ్చాయి. 1996 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో పరిశోధకులు సమావేశమై లెక్క చూసుకుంటే, పదిహేడో క్రోమోజోమ్‌కే ముడిపడిన కుటుంబాలు 13 తేలాయి. వీధి దొరికింది. ఇల్లు దొరకాలి.

ఆ వీధిలో అందరికీ తెలిసిన ఇల్లు ఒకటి ఉంది. టౌ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు. టౌను 1975లో ప్రిన్స్‌టన్‌లో కనిపెట్టారు. నాడీకణానికి పొడవాటి తోక ఒకటి ఉంటుంది. దాని లోపల సరుకు రవాణాకు సన్నటి గొట్టాల వంటి పట్టాలు ఉంటాయి. రైలు పట్టాలు పక్కకు జరగకుండా కింద స్లీపర్లు పట్టి ఉంచినట్టు, ఆ గొట్టాలను టౌ పట్టి ఉంచుతుంది. ఆల్జైమర్ జబ్బులో మెదడులో కనిపించే చిక్కుముళ్లు ఈ టౌ పోగుపడి ఏర్పడ్డవే. అయితే అప్పట్లో ఎక్కువమంది దృష్టిలో టౌ నేరస్థుడు కాదు, నేరం జరిగిన చోట దొరికిన సాక్షి. అసలు దోషి బీటా ఎమిలాయిడ్ అనే మరో ప్రొటీన్ అని వాదించేవాళ్లదే పైచేయి. 1998లో మూడు బృందాలు నెలల తేడాతో టౌ జన్యువులో మ్యుటేషన్లను ప్రకటించాయి. ఎమిలాయిడ్ పోగు లేకపోయినా టౌ ఒక్కటి చెడితే చాలు, మెదడు పాడవుతుందని తేలిపోయింది. 1939 నాటి డచ్చి వంశం చిక్కూ అప్పుడే వీడింది. వాళ్లలో టౌ ప్రొటీన్ గొలుసులో 272వ స్థానంలో ఉండాల్సిన గ్లైసీన్ అనే ముక్కకు బదులు వేలీన్ అనే ముక్క వచ్చి కూర్చుంది.

డిడిపిఎసి కుటుంబంలో దొరికిన తప్పు ఇంతకంటే వింతైనది. కాసేపు దాన్ని దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే మ్యుటేషన్ అంటే 'ప్రొటీన్‌లో ఒక ముక్క మారడం' అనుకునేవాళ్లకు ఇది మింగుడు పడదు.

జన్యువు అంటే ఏకబిగిన రాసిన వాక్యం కాదు. మధ్యమధ్య పనికొచ్చే భాగాలు ఉంటాయి, వాటిని ఎక్సాన్లు అంటారు. వాటి మధ్య ప్రొటీన్‌కు అక్కర్లేని పొడవాటి భాగాలు ఉంటాయి, అవి ఇంట్రాన్లు. కణం మొత్తానికి నకలు తీసుకుని, ఇంట్రాన్లను కత్తిరించి పారేసి, ఎక్సాన్లను కలిపి అతికిస్తుంది. టౌ జన్యువులో పదో ఎక్సాన్ విషయంలో కణానికి ఒక వెసులుబాటు ఉంది. ఉంచుకోవచ్చు, వదిలేయవచ్చు. ఉంచుకుంటే, గొట్టాలను పట్టుకునే కొక్కేలు నాలుగు ఉన్న టౌ తయారవుతుంది. వదిలేస్తే మూడు కొక్కేల టౌ. పెద్దవాళ్ల మెదడులో ఈ రెండు రకాలూ దాదాపు సమానంగా ఉంటాయి. ఈ సమతూకం ఎలా వస్తోంది? పదో ఎక్సాన్ ముగిసే చోట నకలు తనమీద తాను మడతపడి చిన్న జడలా ముడిపడుతుంది. కత్తిరించే యంత్రాంగానికి ఆ ముడి కొంచెం అడ్డం. అందుకే కొన్నిసార్లు ఎక్సాన్‌ను గుర్తుపట్టి ఉంచుతుంది, కొన్నిసార్లు దాటేసి పోతుంది.

డిడిపిఎసి కుటుంబంలో మారిన అక్షరం పదో ఎక్సాన్ అయిపోయాక, ఇంట్రాన్‌లో పద్నాలుగోది. అక్కడ సి ఉండాలి, టి ఉంది. అది పారేసే భాగంలోని అక్షరం. ప్రొటీన్‌లోకి రానే రాదు. తయారైన టౌ పరమాణువు పరమాణువునా సరైనదే. కానీ ఆ ఒక్క అక్షరంతో జడ ముడి వదులైంది. యంత్రాంగానికి అడ్డు తొలగి, పదో ఎక్సాన్‌ను ఉంచుకోవడమే ఎక్కువైంది. నాలుగు కొక్కేల టౌ పెరిగి, మూడు కొక్కేలది తగ్గింది. వంటలో వేసిన దినుసులన్నీ మంచివే, పాళ్లు తప్పాయి. ఆ పాళ్ల తేడాను మెదడు నలభై ఏళ్ల పాటు ఎలాగో మోసింది, ఆ తర్వాత మోయలేకపోయింది. రెండక్షరాల అవతల, పదహారో చోట ఇలాంటి తప్పే ఉన్న కుటుంబాలు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. వాళ్ల మూలాలు వెతికితే ఉత్తర వేల్స్ వైపు దారితీశాయి.

కథ ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అయిపోలేదు. పదిహేడో క్రోమోజోమ్‌కే ముడిపడిన మరికొన్ని కుటుంబాల్లో టౌ జన్యువును ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివినా తప్పు కనిపించలేదు. చనిపోయినవాళ్ల మెదడులో టౌ ముద్దలూ లేవు. వేరే ఏదో ముద్ద ఉంది, అది ఏ ప్రొటీనో తెలియదు. ఆనవాలు మాత్రం మొండిగా అదే వీధిని చూపిస్తోంది. కొందరు టౌ జన్యువులోనే తమ కళ్లకు కనిపించని తప్పేదో దాగి ఉందనుకున్నారు. ఎనిమిదేళ్లు ఇలాగే గడిచాయి. చివరికి ఆ వీధిలోని జన్యువులను ఒక్కొక్కటే తలుపు తట్టి చూసుకుంటూ పోయిన రెండు బృందాలు, అమెరికా-కెనడా బృందం ఒకటి, బెల్జియంలోని ఆంట్‌వర్ప్ బృందం ఒకటి, 2006లో 'నేచర్' పత్రికలో పక్కపక్కనే ఫలితాలు ప్రకటించాయి. దోషి ప్రోగ్రాన్యులిన్ అనే జన్యువు. టౌ జన్యువుకు 17 లక్షల అక్షరాల దూరంలో ఉంది. వినడానికి పెద్ద దూరంలా ఉంటుంది గానీ, మనిషి జన్యుగ్రంథం మొత్తం 300 కోట్ల అక్షరాలు. ఆ లెక్కన ఇది గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. ఒకే జబ్బు తెచ్చిపెట్టే రెండు జన్యువులు, ఒకదానితో ఒకటికి ఏ చుట్టరికమూ లేకుండా, ఇలా పక్కపక్కన ఉండటం కేవలం కాకతాళీయం. ప్రకృతి ఒక్కోసారి పరిశోధకులతో ఇలా పరాచికాలాడుతుంది.

ప్రోగ్రాన్యులిన్‌లో తప్పు జరిగే తీరు వేరు. కెనడాలోని ఒక కుటుంబంలో ఆ జన్యువు మొదట్లోనే నాలుగు అక్షరాలు అదనంగా చొరబడ్డాయి. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. 'పలక మడత కలప నడక' అని రాసి ఉందనుకోండి. పలక తర్వాత ఒక్క 'బ' అదనంగా పడితే, మూడేసి చొప్పున చదివేవాడికి వినిపించేది 'పలక బమడ తకల పనడ క'. నాలుగు పడినా ఇదే గతి. ఒక మాట అదనంగా వచ్చి, ఆపైన ఒక అక్షరం మిగిలి వరసంతా చెడగొడుతుంది. ఆ గందరగోళంలో 'ఇక్కడ ఆపు' అనే సంకేతం వేళకాని వేళ ఎదురవుతుంది. కణం దగ్గర తప్పు నకళ్లను పట్టుకుని చించేసే కాపలా ఉంది. ఆ నకలును అది ముక్కలు చేసేస్తుంది. అంటే చెడ్డ ప్రొటీన్ తయారుకాదు. అసలు ప్రొటీనే తయారుకాదు. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన రెండో మంచి ప్రతి ఒక్కటే మిగులుతుంది. ఈ మ్యుటేషన్ ఉన్నవాళ్ల రక్తంలో ప్రోగ్రాన్యులిన్ మామూలు మోతాదులో మూడోవంతు దగ్గర ఉంటుంది. టౌలో పాళ్లు తప్పితే జబ్బు, ఇక్కడ కొరత వస్తే జబ్బు.

ఆ రెండో ప్రతి కూడా చెడితే? 2012లో ఇటలీకి చెందిన ఇద్దరు తోబుట్టువుల గురించి ప్రకటించారు. ఇద్దరికీ రెండు ప్రతులూ చెడ్డవే. వాళ్లకు వచ్చింది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా కాదు. ఇరవై ఏళ్లు దాటగానే చూపు తగ్గడం, మూర్ఛలు, నడక తూలడం. అది కణాల్లో చెత్త పేరుకుపోయే లైసోజోమ్ జబ్బు, పేరు న్యూరోనల్ సీరాయిడ్ లిపోఫసినోసిస్. నాడీకణంలో చెత్త శుద్ధిచేసే లైసోజోములకు ప్రోగ్రాన్యులిన్ ఎంత అవసరమో అలా తెలిసింది. ఒకే జన్యువు: సగం పోతే నడివయసులో ఒక జబ్బు, మొత్తం పోతే పడుచు వయసులో ఇంకో జబ్బు. మేనరికాలు ఇంకా పూర్తిగా పోని మన ప్రాంతాల్లో జన్యు సలహాదారులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఒకే తాతముత్తాతల నుంచి ఒకే తప్పు ఇద్దరికీ వచ్చి, వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటే, పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

అదే 2006 అక్టోబరులో ఆ గుర్తుతెలియని ముద్దలు ఏమిటో కూడా తేలింది. టిడిపి-43 అనే ప్రొటీన్. (మన వార్తాపత్రికలు చదివేవాళ్లకు ఈ పేరు వేరే ఏదో గుర్తుచేస్తే ఆ తప్పు పరిశోధకులది కాదు.) కండరాలు చచ్చుబడిపోయే ఎఎల్ఎస్ అనే జబ్బులోనూ ఇదే ముద్దలు కనిపించాయి. ప్రవర్తన చెడగొట్టే జబ్బుకూ, కండరాలు చంపే జబ్బుకూ లోపలి చుట్టరికం ఉందన్నమాట. ఒకే కుటుంబంలో అన్నకు ఒకటీ తమ్ముడికి ఇంకొకటీ రావడం డాక్టర్లు అంతకుముందే చూసి ఉన్నారు. అలాంటి కుటుంబాలు పదిహేడు వైపు కాకుండా తొమ్మిదో క్రోమోజోమ్ వైపు దారి చూపాయి. అక్కడి తప్పు 2011లో దొరికింది, మళ్లీ రెండు బృందాలకు ఒకేసారి.

ఆ జన్యువుకు అప్పటికి సరైన పేరైనా లేదు. తొమ్మిదో క్రోమోజోమ్ మీది డెబ్బై రెండో జాగా అన్నట్టు సి9ఓఆర్ఎఫ్72 అని పిలిచేవాళ్లు, ఇప్పటికీ అదే పేరు. అందులో జి-జి-జి-జి-సి-సి అనే ఆరక్షరాల మాట ఒకటి వరసగా పదే పదే వస్తుంది. మామూలు మనుషుల్లో రెండు మూడు సార్ల నుంచి పాతిక దాకా. జబ్బు ఉన్నవాళ్లలో వందలసార్లు, ఒక్కోసారి వేలసార్లు. అరిగిన గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు ఒకే చోట పడి కొట్టుకున్నట్టు. జన్యువును అక్షరం అక్షరం చదివే యంత్రాలు ఈ పునరుక్తి దగ్గరకొచ్చి చతికిలపడేవి, అందుకే ఇంతకాలం కంటపడలేదు. ఐరోపా మూలాలున్నవాళ్లలో ఈ జబ్బు తెచ్చే వంశపారంపర్య తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఫిన్లాండ్‌లో కుటుంబాల వెంట వచ్చే ఎఎల్ఎస్‌లో 46 శాతానికి ఇదొక్కటే కారణమని 2011 పరిశోధనలో తేలింది. జపాన్, చైనా, కొరియాల్లో చాలా అరుదు. ఈ మ్యుటేషన్ ఉన్న కొందరికి జబ్బు భ్రమలతో మొదలవుతుంది, ఎవరో తమను వెంబడిస్తున్నారని, ఇంట్లో ఎవరో దూరారని.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఈ జబ్బు వచ్చినవాళ్లందరి వెనకా ఇలాంటి మ్యుటేషన్ ఉండదు. నూటికి దాదాపు నలభై మంది కుటుంబాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి చరిత్ర కనిపిస్తుంది గానీ, ఒకే జన్యువులో తప్పు వల్ల తరం నుంచి తరానికి సూటిగా దిగేది పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకే. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు ఈ జబ్బు ఉందని ఆయన కుటుంబం ప్రకటించిన తర్వాత, తెలుగు పత్రికల్లోనూ దీని పేరు వినపడింది. ఆ ప్రకటనలో వంశపారంపర్యం మాటేమీ లేదు. చాలామందిలో కారణం ఇదీ అని ఇప్పటికీ వేలెత్తి చూపలేరు.

మ్యుటేషన్ ఉన్నవాళ్లలో కూడా అది ఎప్పుడు, ఏ రూపంలో బయటపడుతుందో నిర్ణయించేది అదొక్కటే కాదు. ప్రోగ్రాన్యులిన్ కుటుంబాల్లో ఒకే తప్పు ఉన్న అక్కాచెల్లెళ్లలో ఒకరికి యాభైలో మాట తడబడటం, మరొకరికి డెబ్బైలో ప్రవర్తన మారడం జరుగుతుంది. టిఎమ్ఈఎమ్106బి అనే ఇంకో జన్యువులోని ఒక రకం కొంత కాపు కాస్తుందని 2010లో తెలిసింది. జన్యువులు కానివీ ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి, 2013లో 'న్యూరాలజీ' పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. వాళ్లలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్, హైదరాబాదులో పాలవాడితో ఒకటి, ఆఫీసులో ఒకటి మామూలే. ఒకే భాష వచ్చినవాళ్లకంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది కాబట్టి, ఇది చదువు మహిమ అని కొట్టిపారేయలేరు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో ఆ తేడా ఇంకా ఎక్కువ, ఆరేళ్ల దాకా. ఎప్పుడు ఏ భాష ఆపుకుని ఏ భాష మాట్లాడాలో చూసుకునేది కూడా ఆ నుదుటి వెనక భాగమే. ఈ అధ్యయనం జన్యువులను పరీక్షించినది కాదు, భాషలు మ్యుటేషన్‌ను ఆపుతాయనీ చెప్పలేదు. కానీ మెదడు ఆ దెబ్బను ఎంతకాలం కాచుకుంటుందన్న ప్రశ్నకు హైదరాబాదు వీధుల నుంచి వచ్చిన జవాబు ఇది.

మందుల సంగతికొస్తే, అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ప్రోగ్రాన్యులిన్ మీద. కొరతే జబ్బయితే, కొరత తీరిస్తే సరి కదా? లాటోజినెమాబ్ అనే యాంటీబాడీ సరిగ్గా ఆ పనే చేసింది. రక్తంలో ప్రోగ్రాన్యులిన్ పెరిగింది. కానీ 96 వారాలు ఇచ్చి చూశాక జబ్బు వేగం తగ్గలేదని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఆలస్యంగా ఇచ్చారా, పెరిగింది చేరాల్సిన చోటికి చేరలేదా, వాదన నడుస్తోంది. మంచి జన్యువు ప్రతిని వైరస్‌లో పెట్టి మెదడుకు చేర్చే ప్రయోగాలు ఇంకా సాగుతున్నాయి.

ఆలస్యం అన్న మాటకు బలమైన ఆధారం ఉంది. ఐరోపా, కెనడాల్లో 2012 నుంచి జెన్‌ఫి అనే పరిశోధన నడుస్తోంది. ఈ కుటుంబాల్లో పుట్టి, ఇంకా ఏ లక్షణమూ లేని కొడుకులనూ కూతుళ్లనూ ఏటేటా పిలిచి స్కాన్లు తీస్తారు, రక్తం తీసుకుంటారు, ఫొటోల్లో మొహాలు చూపించి కోపమా, దుఃఖమా, అసహ్యమా చెప్పమంటారు. జబ్బు బయటపడే వయసుకు పదేళ్ల ముందే మెదడులో ఇన్సులా అనే భాగం పలచబడుతోందని 2015లో వాళ్లు చూపించారు. పరీక్షల్లో తేడా అయిదేళ్ల ముందు. వీళ్లలో ప్రతి ఒక్కరికీ మ్యుటేషన్ ఉండే అవకాశం సగానికి సగం. కావాలంటే పరీక్ష చేయించుకుని తెలుసుకోవచ్చు. తెలుసుకోకుండానే పాల్గొనవచ్చు కూడా. అప్పుడు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే డాక్టరుకూ తెలియనివ్వరు. రక్తం ప్రయోగశాలకు వెళుతుంది, ఫలితం కంప్యూటర్లో ఒక అంకె కింద చేరుతుంది. వచ్చినాయన కోటు తగిలించుకుని, వచ్చే ఏడాది ఏ తారీఖున రావాలో రాయించుకుని వెళ్లిపోతాడు.